నేను అడిగింది ఒక స్టూలు: కార్మిక శాఖకు, షోరూం యజమానులకు ఒక చీరల గుమస్తా బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ కమిషనర్ గారికి,
విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ అధికారులకు,
రాష్ట్రంలోని వస్త్ర షోరూంల యజమానులకు,

నమస్కారం.

నా వయసు 53. నా పని చీరలు అమ్మడం. 26 ఏళ్లు అదే చేశాను. మొదటి 12 ఏళ్లు పాత బజారులో ఒక చిన్న కొట్లో, తర్వాత 14 ఏళ్లు అదే ఊళ్లో ఒక నాలుగంతస్తుల షోరూంలో. 2025 జూలైలో, ఆషాఢం సేల్ ముగిసిన మూడో రోజున నా ఉద్యోగం పోయింది. తీసేసినట్టు ఎక్కడా రాసి లేదు. కాగితం ప్రకారం నేనే మానేశాను.

ఈ ఏడు నెలల్లో నాలుగు అర్జీలు పెట్టుకున్నాను. ఒక ఆఫీసులో రెండుసార్లు విచారణ తేదీ ఇచ్చారు. రెండుసార్లూ యాజమాన్యం తరఫున ఎవరూ రాలేదు, వాయిదా పడింది. ఇంకో ఆఫీసులో అర్జీ తీసుకోనే లేదు. అందుకే ఈ లేఖ నలుగురిలో పెడుతున్నాను. షోరూం పేరు, ఊరి పేరు రాయడం లేదు. నా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు, ఇది వాళ్ల మెడకు చుట్టుకోకూడదు. పైగా ఇది ఒక్క షాపులో జరిగేది కూడా కాదు.

ముందు పరుపు సంగతి చెప్పాలి. పాత బజారు కొట్లలో నేలంతా పరుపులు, వాటి మీద తెల్ల దుప్పట్లు ఉండేవి. గుమ్మంలో చెప్పులు విడిచి వచ్చిన ఆడవాళ్లు ఒకవైపు కూర్చునేవాళ్లు, ఎదురుగా మేం కూర్చునేవాళ్లం. కుర్రాడు అరలోంచి చీర అందిస్తే, ఒక కొస పట్టుకుని విసిరితే చాలు, వెంకటగిరి చీర ఆ చివరి దాకా నీళ్లలా పరుచుకునేది. నాకు మూడేళ్లప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడింది. నడుస్తాను, కాస్త ఎత్తేసి నడుస్తాను. పరుపు మీద ఆ కాలు చాపుకుని కూర్చుంటే పైన చీరలు పడుతుండేవి, కాలు కనపడేదే కాదు. ఆ 12 ఏళ్లలో నన్ను నా కాలు గురించి అడిగిన కస్టమరు ఒక్కరూ లేరు.

షోరూంలో పరుపులు లేవు. నడుమెత్తు గాజు కౌంటరు, అటువైపు కస్టమర్లకు మెత్తటి కుర్చీలు, ఇటువైపు మాకు రెండడుగుల సందు. పొద్దున పదింటికి నిలబడితే రాత్రి తొమ్మిదిన్నరకు షట్టర్ దించుతారు. ఆ తర్వాత ఆ రోజు విప్పిన గుట్టంతా మడతపెట్టాలి. మధ్యాహ్నం భోజనానికి అరగంట కూర్చుంటాం, అంతే. కౌంటరుకు ఆనుకుని నిలబడితే సీసీ కెమెరాలో చూసి పైనుంచి ఫోన్ చేస్తారు. నా కాలు పాతదే. మారింది షాపులో సామాను.

అయినా 12 ఏళ్లు లాక్కొచ్చాను. 2024లో కుడి మోకాలు వాచింది, ఎడమ కాలి బరువంతా ఇన్నేళ్లూ మోసింది అదే కదా. ఈఎస్‌ఐ డాక్టరు గంటకోసారి పది నిమిషాలు కూర్చోమని చీటీ రాసిచ్చారు. ఆ చీటీ జతచేసి 2025 ఫిబ్రవరిలో రాతపూర్వకంగా ఒక స్టూలు అడిగాను. "ఒక్కరికి ఇస్తే అందరూ అడుగుతారు" అన్నాడు ఫ్లోర్ మేనేజర్. సరే అని నేనే 350 రూపాయలు పెట్టి ప్లాస్టిక్ స్టూలు కొనుక్కున్నాను. రెండు రోజులున్నాక అది గోడౌన్‌లోకి వెళ్లిపోయింది. వారం తిరక్కుండా నన్ను కింద పట్టుచీరల సెక్షన్ నుంచి మూడో అంతస్తులో దుప్పట్లు, టవళ్ల దగ్గరికి మార్చారు. లిఫ్టు కస్టమర్లకు, మెట్లు స్టాఫ్‌కు. టవళ్ల మీద ఇన్సెంటివ్ ఉండదు.

జూలైలో హెచ్‌ఆర్ గదికి పిలిచారు. మా పెద్దమ్మాయి ఈడు పిల్ల, మర్యాదగానే మాట్లాడింది. "ఏజ్ ఫ్యాక్టర్ కదా అంకుల్, హెల్త్ చూసుకోండి" అంది. తెల్లకాగితం ఇచ్చి "ఆరోగ్య కారణాల వల్ల స్వచ్ఛందంగా మానుకుంటున్నాను" అని రాయించింది. రాయకపోతే గ్రాట్యుటీ ఎప్పుడొస్తుందో చెప్పలేమన్నారు. పెద్దమ్మాయి కాలేజీ ఫీజు ఆ నెలలోనే కట్టాలి. సంతకం పెట్టాను. పెట్టి ఉండాల్సింది కాదు, ఆ మాట మా ఆవిడ నాకు రోజూ గుర్తు చేస్తూనే ఉంది.

శ్రావణం వచ్చింది. షోరూం ముందు బ్యానరు కట్టారు: సేల్స్‌మెన్, సేల్స్‌గర్ల్స్ కావలెను, వయసు 18 నుంచి 30. తర్వాత నేను ఐదు షాపుల్లో పని అడిగాను. మూడు చోట్ల వాచ్‌మన్‌గా చేస్తారా అన్నారు.

ఇప్పుడు మీ ముందు పెట్టదలచిన విషయాలు.

1. శాతం గొడవ. నా సర్టిఫికెట్‌లో 30 శాతం వైకల్యం అని ఉంది. అది చూసి "40 లేదు, మా పరిధిలోకి రారు" అని అర్జీ వెనక్కి ఇచ్చేశారు. ఇది చట్టం కాదు, అలవాటు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో రెండు నిర్వచనాలు వేరువేరుగా ఉన్నాయి: దీర్ఘకాలిక లోపం ఉన్నవాళ్లు ఒకటి, వైకల్యం 40 శాతానికి తగ్గనివాళ్లు ఇంకొకటి. 40 శాతం అనే గీత రిజర్వేషన్ల వంటి కొన్ని ప్రయోజనాలకు గీసింది. వివక్ష చూపకూడదనీ, సహేతుకమైన సదుపాయం కల్పించేలా చూడాలనీ చెప్పే 3వ సెక్షన్ దీర్ఘకాలిక లోపం ఉన్నవాళ్లందరికీ వర్తిస్తుంది. నేను పింఛను అడగడం లేదు. స్టూలు అడిగితే తీసేశారని చెబుతున్నాను. దానికి 40 శాతం ఎందుకండీ? ఇలాంటి ఫిర్యాదు విచారించే అధికారం దివ్యాంగుల హక్కులు చూసే రాష్ట్ర కమిషనర్‌కు ఉంది, సాక్షులను పిలిపించే సివిల్ కోర్టు అధికారాలూ ఉన్నాయి. గుమ్మం దగ్గర కూర్చున్న ఉద్యోగే ఫైలు తిప్పి పంపేస్తే ఆ అధికారాలు ఎవరికి పనికొస్తాయి?

2. రాజీనామా అనే కాగితం. ఊరికే తీసేస్తే 1988 షాపుల చట్టం ప్రకారం నెల నోటీసు ఇవ్వాలి, సర్వీసు ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం లెక్కకట్టాలి. రిట్రెంచ్‌మెంట్, అంటే మనుషులు ఎక్కువయ్యారని తగ్గించడం, అయితే ఆఖరున చేరినవాళ్లను ముందు తీయాలన్నది 1953 నుంచీ ఉన్న నియమం, నాబోటి పాతవాళ్లకు ఉన్న ఒకే ఒక్క గొడుగు. కానీ స్వచ్ఛందంగా మానినా, అనారోగ్యం వల్ల తీసేసినా అది రిట్రెంచ్‌మెంట్ కిందకు రాదు. "ఆరోగ్య కారణాల వల్ల", "స్వచ్ఛందంగా" అనే ఆ రెండు ముక్కలూ నాతో ఎందుకు రాయించారో మూడు నెలల తర్వాత ఒక వకీలు చెబితే తెలిసింది. ఇక గ్రాట్యుటీ అంటారా, అది వాళ్ల దయ కాదు. ఐదేళ్లు దాటిన సర్వీసుకు 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీతో సహా. దాన్నే ఎర చూపి సంతకాలు తీసుకుంటున్నారు.

3. ప్రభుత్వ కాలు, ప్రైవేటు కాలు. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, అదే జీతంతో చేయగలిగిన పని ఇవ్వాలి, ఖాళీ లేకపోతే అదనపు పోస్టు సృష్టించాలి అని ఆ దివ్యాంగుల హక్కుల చట్టమే 20వ సెక్షన్‌లో ఉంది. అయితే అది ప్రభుత్వ సంస్థలకే. తెలంగాణ ఆర్టీసీలో వర్ణాంధత్వం ఉందని 2016లో ఇంటికి పంపిన ఒక డ్రైవరుకు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు న్యాయం చేసింది. ఎనిమిది వారాల్లో అదే వేతన స్థాయిలో వేరే పని ఇమ్మంది, పాత జీతంలో 25 శాతం చెల్లించమంది. చదివి సంతోషించాను. ఆయనకు తొమ్మిదేళ్లు పట్టింది, అదీ 1979లో ఆర్టీసీ కార్మికులతో చేసుకున్న ఒప్పందం అండగా ఉంటే. షోరూం గుమస్తాకు ఆ ఒప్పందమూ లేదు, ఆ సెక్షనూ లేదు. ప్రైవేటు యజమానికి చట్టం చెప్పింది ముఖ్యంగా 21వ సెక్షన్: సమాన అవకాశాల విధానం రాసి అందరికీ తెలిసేలా పెట్టాలి. 20 మంది, అంతకుమించి ఉన్నచోట అందులో సదుపాయాల వివరాలు, వాటిని చూసుకునే లైజన్ అధికారి పేరు ఉండాలి. మా షోరూంలో 180 మందిమి. నోటీసు బోర్డు మీద నేను 14 ఏళ్లూ చూసింది ఆలస్యానికి ఎంత కోత అనే పట్టిక.

4. వయసుకు చట్టమే లేదు. రాజ్యాంగం 15, 16 అధికరణాల్లో వివక్ష చూపకూడని కారణాల పేర్లున్నాయి. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి. పుట్టిన తేదీ లేదు. పైగా ఉద్యోగాల విషయంలో అవి ప్రభుత్వం చూపే వివక్షకు సంబంధించినవి. ప్రైవేటులో "30 దాటినవాళ్లు రావద్దు" అని రోడ్డు మీద బ్యానరు కట్టినా అడిగేవాడు లేడు. 1983లో రాష్ట్ర ప్రభుత్వం ఉద్యోగుల రిటైర్మెంట్ వయసును 58 నుంచి 55కు తగ్గిస్తే ఉద్యోగులు ఒక్కతాటి మీద సమ్మెకు దిగారు, తర్వాత మళ్లీ 58 అయింది. ఇప్పుడు ఇదే రాష్ట్రంలో 62. ప్రభుత్వ కుర్చీలో 62 దాకా పనికొచ్చే మనిషి గాజు కౌంటరు వెనక 45కే ఎలా ముసలివాడవుతాడు? మాకు సంఘం లేదు, సమ్మె చేస్తే పదింటికల్లా వేరే కుర్రాడు వస్తాడు.

వయసు, వైకల్యం ఈ రెండూ కలిసినచోటే అసలు కిటుకు ఉంది, కాస్త ఓపికగా వినండి. వయసు చూసి తీసేశారంటే, కాదు ఫిట్‌నెస్ లేదంటారు. వైకల్యం చూసి తీసేశారంటే, కాదు 50 దాటితే ఎవరి మోకాళ్లైనా అరుగుతాయి కదా అంటారు. ఒక ఆఫీసులో నేను కావలసినంత వికలాంగుణ్ణి కాను. పెద్దవాళ్ల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేస్తే 60 నిండినవాళ్ల కోసమన్నారు, వాళ్ల తప్పేం లేదు. షోరూంకు మాత్రం నేను పూర్తి ముసలివాణ్ణి, పూర్తి కుంటివాణ్ణి. మీ శాఖ పేరులో విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధులు ఇద్దరూ ఉన్నారు. ఇద్దరికీ మధ్య చిక్కుకున్నవాడికే చోటు లేదు.

5. ఇంటి మీద పడే దెబ్బ. జీతం 17,500, సీజన్‌లో ఇన్సెంటివ్ వేరు. ఇప్పుడు సున్నా. పీఎఫ్ పింఛనుకు 58 నిండాలి, ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున తెగ్గోస్తారు. దివ్యాంగుల పింఛను 6,000కు 40 శాతం కావాలి, వృద్ధాప్య పింఛను 4,000కు 60 నిండాలి. అటల్ పెన్షన్‌లో చేరదామంటే 40 దాటకూడదు. జూలై దాకా కట్టిన చందా పుణ్యాన నా ఈఎస్‌ఐ కార్డు ఈ జూన్ 30 దాకా నడుస్తుంది. ఆ తర్వాత మోకాలి మాత్రలు చేతి డబ్బుతోనే. ఇంట్లో ఇంకో మార్పు కూడా వచ్చింది. రెండోవాడు ఇంటర్ అయ్యాక చదువుతానంటున్నాడు. నన్ను తీసేసిన షోరూంలోనే 18 నిండినవాళ్లకు పనుంది కదా అని వాళ్ల మేనమామ సలహా ఇచ్చాడు. నేనేం మాట్లాడలేకపోయాను.

యజమానులకు ఒక మాట. మీ కష్టాలు నాకు తెలియవని కాదు. అద్దెలు, ఆన్‌లైన్ పోటీ, సీజన్ పోతే సరుకు కదలకపోవడం, అన్నీ మీ కౌంటరు వెనకనుంచే చూశాను. ఆ కదలని సరుకును కదిలించేది ఎవరో మీకూ తెలుసు. ధర్మవరం అంటూ వచ్చిన చీర జరీని వేలితో రాసి అసలుదో కాదో చెప్పేది పాతవాళ్లే, అమ్మ పెళ్లిచీర కొన్న కొట్టు మనిషి ఎక్కడున్నాడని కూతురు వెతుక్కుంటూ వచ్చేది పాతవాళ్ల కోసమే. మీలో చాలామంది నాన్నగార్లు 75 దాటాక కూడా గల్లాపెట్టె దగ్గర కూర్చుని వ్యాపారం చేశారు. కూర్చుని చేశారు, ఆ మాట ఒక్కటి గమనించండి.

ఇక నేను అడుగుతున్నవి.

1. వివక్ష ఫిర్యాదు తీసుకోవడానికి 40 శాతం సర్టిఫికెట్ అడగకూడదని కింది ఆఫీసులన్నింటికీ రాతపూర్వకంగా ఉత్తర్వు పంపండి. ఒక్క పేజీ చాలు. అర్జీ తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వాలని కూడా అందులో చేర్చండి. నోటిమాటగా పంపించేస్తే అప్పీలుకు వెళ్లడానికి మా చేతిలో ఏమీ మిగలదు.

2. 45 దాటినవాళ్లు, ఏ శాతమైనా వైకల్యం ఉన్నవాళ్లు ఇచ్చే రాజీనామా, కార్మిక అధికారి వాళ్లతో విడిగా మాట్లాడి నిర్ధారించుకున్నాకే చెల్లేలా నిబంధన తెండి. ఈ ఒక్కటి ఉంటే ఆ రోజు నేను హెచ్‌ఆర్ గదిలో ఒంటరిగా ఉండేవాణ్ణి కాదు. గ్రాట్యుటీకీ సంతకానికీ ముడిపెట్టినట్టు తేలితే ఆ రాజీనామా చెల్లదని రాయండి.

3. కూర్చునే హక్కు. కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి బట్టల షాపుల ఆడవాళ్లు ఏళ్ల తరబడి అడిగితే 2018లో వచ్చింది. తమిళనాడు 2021లో తన షాపుల చట్టంలో చేర్చింది. అక్కడా ఇక్కడా కూడా షోరూంలున్న కంపెనీలున్నాయి. చెన్నైలో వేయాల్సిన కుర్చీ తడ సరిహద్దు దాటగానే ఎందుకు అక్కర్లేకుండా పోవాలి? ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 చట్టమే చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా అదే అంటోంది. దాన్ని షోరూంలలో అమలు చేయించండి. తనిఖీకి పొద్దున పదకొండింటికి కాదు, శ్రావణ శుక్రవారం ముందు రోజు రాత్రి ఎనిమిదింటికి రండి. కౌంటరు వెనక్కి వచ్చి చూడండి.

4. అదే కోడ్ కింద 40 దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్షలంటున్నారు. మంచిదే. కానీ రిపోర్టు ఎవరి చేతికి వెళుతుంది? బీపీ, షుగరు, మోకాళ్లు అని రాసిన కాగితం హెచ్‌ఆర్ బల్ల మీద పడితే మాకు అది తీసేసే జాబితాయే. రిపోర్టు కార్మికుడికే ఇవ్వాలి, యజమానికి ఏ పనికి ఏ సదుపాయం కావాలో అంతవరకే చెప్పాలి. మా చెల్లెలి కొడుకు అమెరికాలో ఉన్నాడు. అక్కడ 1967లో చేసిన చట్టం 40 నిండినవాళ్లకు ఉద్యోగంలో వయసు వివక్ష నుంచి రక్షణ ఇస్తుందట. ఇక్కడ 40 దాటితే మొదలయ్యేది రక్తపరీక్ష.

5. 20 మంది, అంతకుమించి పనిచేసే ప్రతి షోరూంలో సమాన అవకాశాల విధానం గోడ మీద ఉందో లేదో ఈ ఏడాదే చూసి, జిల్లాలవారీగా జాబితా బయటపెట్టండి. మొదటి ఉల్లంఘనకు 10,000 దాకా, మళ్లీ చేస్తే 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా దివ్యాంగుల హక్కుల చట్టం 89వ సెక్షన్‌లో ఉంది. ఆ సెక్షన్ ఉందని మా ఊళ్లో ఏ యజమానికీ తెలిసినట్టు లేదు.

6. షాపుల చట్టంలో రెండు వాక్యాలు చేర్చమని ప్రభుత్వానికి సిఫారసు చేయండి. పనితో సంబంధం లేని వయోపరిమితి పెట్టి ప్రకటన ఇవ్వకూడదన్నది ఒకటి. సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినా, ఉన్నది ముదిరినా ముందు సదుపాయం కల్పించాలి, కుదరకపోతే వేరే పని చూపాలి, ఏ ప్రయత్నం చేశారో రాసి చూపకుండా తీసేయకూడదన్నది రెండోది. మూడో అంతస్తులో టవళ్ల దగ్గర పడేసి దాన్ని వేరే పని అనకూడదని కూడా ఎక్కడైనా రాయగలిగితే రాయండి.

7. నా కేసులో ఈసారి యాజమాన్యం రాకపోతే మూడో వాయిదా వేయకుండా ఉన్న కాగితాలను బట్టి తేల్చేయండి. ఫిబ్రవరి 2025 నాటి నా అర్జీ నకలు, డాక్టరు చీటీ, సెక్షన్ మార్చిన మెసేజీ, బ్యానరు ఫొటో ఇప్పటికే ఇచ్చాను.

విచారణ మార్చి రెండో వారంలో అన్నారు. నేను పదింటికల్లా వస్తాను. యాజమాన్యానికి పంపే నోటీసులో ఇంకో వస్తువు కూడా రాయండి. నీలం రంగు ప్లాస్టిక్ స్టూలు, ఒకటి. గోడౌన్‌లో విరిగిన హ్యాంగర్ల పక్కన ఉందని పిల్లలు చెప్పారు. తిరగేస్తే అడుగున స్కెచ్ పెన్‌తో నా పేరు రాసి ఉంటుంది. వచ్చేటప్పుడు దాన్ని తెమ్మనండి.

ఇట్లు,
ఒక చీరల గుమస్తా
ఫిబ్రవరి 2026